నలగామరాజు

నలగామరాజు 12వ శతాబ్దపు చివరి భాగంలో గురజాల రాజధానిగా పల్నాడును పాలించిన హైహయ వంశపు రాజు. ఇతనిని నలగాముడు, నలగామ భూపతి అని కూడా అంటారు. పల్నాటి యుద్ధంలో ఒక పక్షానికి ఇతడే ప్రభువు. తన సవతి తమ్ముడు మలిదేవరాజుతో ఏర్పడిన దాయాది తగాదా కోడిపందెంతో ముదిరి, కారంపూడి యుద్ధంతో ముగిసింది. ఈ కథలో బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు ప్రసిద్ధులైనంతగా నలగామరాజు ప్రసిద్ధుడు కాలేదు. అయితే కోడిపందెం అనే ఆటకు తెలుగుదేశంలో ఒక చరిత్ర, ఒక అపఖ్యాతి రెండూ ఏర్పడటానికి ఇతని కొలువులో ఒడ్డిన పందెమే ముఖ్య కారణం. రాజ్యాన్ని పందెంగా పెట్టడానికి అంగీకరించిన రాజుగా ఇతడు తెలుగువారి జ్ఞాపకంలో మిగిలిపోయాడు.

వంశము

నలగామరాజు తండ్రి అనుగురాజు. హైహయులు తమను కార్తవీర్యార్జునుని సంతతిగా చెప్పుకొనేవారు. మధ్యభారతంలో జబల్‌పూర్ సమీపంలోని త్రిపురిని రాజధానిగా చేసుకొని పాలించిన కలచురులు ఈ వంశమువారే. వీరగాథల ప్రకారం అనుగురాజు పాపపరిహారార్థం తీర్థయాత్రలు చేస్తూ పరివారంతో దక్షిణాదికి వచ్చాడు. సముద్రతీరంలోని మోటుపల్లి వద్ద స్నానం చేయగా అతని పాపం తొలగిపోయిందని చెబుతారు.

ఆ కాలంలో కృష్ణకు దక్షిణాన తీరాంధ్రాన్ని వెలనాటి చోడులు చందవోలు రాజధానిగా ఏలుతున్నారు. వెలనాటి గొంకరాజు తన కుమార్తె మైలమదేవిని అనుగురాజుకిచ్చి వివాహం చేసి, పల్నాడును అరణంగా ఇచ్చాడు. అనుగురాజు గురజాలను రాజధానిగా చేసుకున్నాడు. అతని వెంట వచ్చిన దొడ్డనాయుడు మంత్రి అయ్యాడు. దొడ్డనాయుని కుమారుడే తరువాతి కాలంలో ప్రసిద్ధికెక్కిన బ్రహ్మనాయుడు.

అనుగురాజుకు ముగ్గురు భార్యలు. మైలమదేవి కుమారుడు నలగామరాజు. రెండవ భార్యకు పెదమలిదేవుడు, పినమలిదేవుడు, బాలమలిదేవుడు అను ముగ్గురు కుమారులు. మూడవ భార్య భూరమదేవి కుమారులలో నరసింగరాజు ముఖ్యుడు. ఇతనిని నరసింహరాజు అని కూడా వ్యవహరిస్తారు. పల్నాడు మైలమదేవికి అరణంగా వచ్చిన భూమి. కనుక ఆ భూమిపై నలగామునికి తల్లి వైపునుండి కూడా హక్కు ఉన్నది. మలిదేవాదులకు తండ్రి వైపు హక్కు మాత్రమే ఉన్నది. తరువాతి తగాదాలకు ఈ తేడా ఒక మూలమని భావించవచ్చును.

రాజ్యాధికారము

అనుగురాజు మరణానంతరం జ్యేష్ఠుడైన నలగామరాజు గురజాల సింహాసనం అధిష్టించాడు. మంత్రిత్వం బ్రహ్మనాయునిది. సవతి తమ్ములు అప్పటికి చిన్నవారు. పరిపాలనా భారమంతా బ్రహ్మనాయుడే వహించేవాడు. అతడు చెన్నకేశవస్వామి భక్తుడు. కులభేదం లేకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టే చాపకూడు అనే పద్ధతిని అతడు ప్రవేశపెట్టాడని ప్రసిద్ధి. మాల కులస్థుడైన కన్నమదాసును పెంపుడు కొడుకుగా చేరదీసి సేనానిని చేశాడు. రాజ్యంలో కొన్ని వర్గాలకు ఇది నచ్చలేదు. రాజు పేరుకు మాత్రమే ఉన్నాడని, అధికారమంతా మంత్రిదేనని చెప్పేవారు కొలువులో బలపడసాగారు.

నాయకురాలి ప్రవేశము

జిట్టగామాలపాడుకు చెందిన నాగమ్మ రెడ్డి కులానికి చెందిన వితంతువు, శివభక్తురాలు, రాజనీతిలో దిట్ట. వేటనుండి అలసి వచ్చిన రాజుకు, అతని పరివారానికి ఆమె ఆతిథ్యమిచ్చి, ప్రతిఫలంగా ఏడు ఘడియలపాటు మంత్రిపదవి నిర్వహించే వరం పొందినది. ఆ మాట ఇచ్చినది అనుగురాజు అని కొన్ని కథనాలు, నలగామరాజు అని మరికొన్ని కథనాలు చెబుతాయి. ఏమైనప్పటికీ ఆ మాట చెల్లించవలసి వచ్చినది నలగామరాజే. ఏడు ఘడియలు అంటే మూడు గంటలకంటె తక్కువ కాలం. ఆ స్వల్పకాలంలోనే నాగమ్మ కొలువులోని లోపాలను రాజుకు ఎత్తిచూపి అతని విశ్వాసం సంపాదించింది. ఘడియలు గడిచినా ఆమె పదవి గడిచిపోలేదు. తెలుగు చరిత్రలో మహామంత్రిగా ప్రసిద్ధి చెందిన స్త్రీ ఈమె. అందుకే ఆమెకు నాయకురాలు అనే పేరు స్థిరపడింది.

నాయకురాలిని కేవలం దుష్టపాత్రగా చూపే కథనాలు ఎక్కువ. కాని రాజు పక్షాన నిలిచి రాజ్యం చీలిపోకుండా కాపాడటానికి ప్రయత్నించిన మంత్రిగా ఆమెను చూసినవారు కూడా ఉన్నారు. ఏ దృష్టితో చూసినా, ఇద్దరు సమర్థుల మధ్య నిర్ణయం తీసుకోలేక, ఎవరు దగ్గర ఉంటే వారి మాట వినే రాజుగా నలగాముడు కనిపిస్తాడు.

రాజ్య విభజన

నాగమ్మ ప్రాబల్యం పెరిగిన కొద్దీ బ్రహ్మనాయునికి, రాజుకు మధ్య దూరం పెరిగింది. చివరకు బ్రహ్మనాయుడు మలిదేవాదుల పక్షం వహించి, తండ్రి రాజ్యంలో వారి భాగం కోరాడు. రాజ్యం రెండుగా చీలింది. గురజాల నలగామరాజుకు, మాచర్ల మలిదేవరాజుకు దక్కినవి. మాచర్లలోని చెన్నకేశవాలయం బ్రహ్మనాయుని పేరుతో ముడిపడి ఉన్నది. గురజాల పక్షం శైవానికి, మాచర్ల పక్షం వీరవైష్ణవానికి ప్రతినిధులుగా నిలిచారని, ఈ తగాదాలో మతభేదం కూడా ఉన్నదని చరిత్రకారులు వ్యాఖ్యానించారు.

కోడిపందెం

విభజన తరువాత రెండు రాజ్యాల మధ్య రాకపోకలు, పండుగలు, పందేలు సాగుతూనే ఉన్నవి. ఆ సందర్భంలో బ్రహ్మనాయునికి, నాగమ్మకు మధ్య కోడిపందెం కుదిరింది. బ్రహ్మనాయుని పుంజు పేరు చిట్టిమల్లు. నాయకురాలి పుంజు పేరు శివంగిడేగ. ఓడిన పక్షంవారు ఏడు సంవత్సరాలు రాజ్యం విడిచి వెళ్ళాలన్నది పందెం. గడువు ముగిసిన తరువాత తమ రాజ్యం తాము తిరిగి పొందవచ్చును.

పందెంలో చిట్టిమల్లు ఓడిపోయింది. నాయకురాలు మోసంచేసి గెలిచిందని బ్రహ్మనాయుని పక్షపు కథనాలు చెబుతాయి. మాట ప్రకారం మలిదేవరాజు, అతని తమ్ములు, బ్రహ్మనాయుడు తమ పరివారంతో, పశువుల మందలతో మాచర్ల విడిచివెళ్ళారు.

ఈ ఘట్టానికి మహాభారతంలోని జూదంతో పోలిక స్పష్టంగా ఉన్నది. దాయాదుల తగాదా, ఆటలో ఓటమి, నియమితకాలం ప్రవాసం, గడువు తీరిన తరువాత రాయబారం, రాయబారం విఫలమై యుద్ధం అనే క్రమం రెండింటిలోనూ ఒకటే. అందువల్లనే ఈ కథకు పల్నాటి భారతం అనే పేరు, పల్నాడుకు ఆంధ్ర కురుక్షేత్రం అనే పేరు వచ్చినవి. కాని ఒక తేడా గమనించదగినది. భారతంలో ధర్మరాజు స్వయంగా పాచికలు పట్టాడు. పల్నాటి కథలో రాజులిద్దరూ ఆట ఆడలేదు. పుంజులు మంత్రులవి, పోరు పుంజులది, రాజ్యం మాత్రం రాజులది. ఆ పందేన్ని ఆపగల అధికారం ఉండి కూడా నలగాముడు ఆపలేదు. ఈ విషయంలో అతడు ధర్మరాజుకంటె ధృతరాష్ట్రునికి దగ్గరగా కనిపిస్తాడు.

ప్రవాసము, మందపోటు

మలిదేవాదులు మొదట మండాదిలో విడిది చేశారు. పల్నాడు ఆ కాలంలో మెట్ట ప్రాంతం. అక్కడి సంపదలో పశువులది పెద్దపాలు. గురజాల పక్షంవారు ఆ మందలపై దాడి చేయించారు. పశువులను కాపాడబోయి లంకన్న అనే వీరుడు మరణించాడు. ఈ ఘట్టానికి మందపోటు లేక మందపోరు అని పేరు. తరువాత మలిదేవాదులు మరింత దక్షిణంగా వెళ్ళి, త్రిపురాంతకం సమీపంలోని మేడపిలో మిగిలిన కాలం గడిపారు. మందపోటుతో పందెపు నియమాలకు గురజాల పక్షమే మొదట భంగం కలిగించినట్లయింది. ఓడినవారు మాట ప్రకారం ప్రవాసంలో ఉండగా గెలిచినవారు వారిని వెంటాడటం నలగాముని పాలనపై పడిన పెద్ద మచ్చ.

అలరాజు రాయబారము

ఏడు సంవత్సరాల గడువు ముగిసిన తరువాత మలిదేవరాజు తన భాగం తిరిగి ఇవ్వవలసినదిగా కోరుతూ అలరాజును గురజాలకు రాయబారిగా పంపాడు. అలరాజు కొమ్మరాజు కుమారుడు, నలగామరాజుకు స్వయానా అల్లుడు. నలగాముని కుమార్తె పేరిందేవి అతని భార్య. ఇరుపక్షాలకూ కావలసినవాడు కనుక సంధి కుదురుతుందని అతనిని ఎంచుకున్నారు.

రాయబారం ఫలించలేదు. తిరుగు ప్రయాణంలో గురజాల సమీపంలోని చర్లగుడిపాడు వద్ద అలరాజు విషప్రయోగానికి గురై మరణించాడు. ఈ కుట్ర నరసింగరాజు, నాగమ్మలదని కథ చెబుతుంది. పేరిందేవి భర్తతో సహగమనం చేసింది.

నలగామరాజు జీవితంలో అత్యంత విషాదకరమైన ఘట్టం ఇదే. తన కొలువుకు వచ్చిన రాయబారిని, అందునా కుమార్తె భర్తను, తన పక్షంవారే చంపారు. తన కుమార్తె చితికెక్కింది. కుట్ర విషయం రాజుకు ముందుగా తెలుసునా లేదా అనే దానిపై కథనాలు ఏకాభిప్రాయంతో లేవు. తెలిసి ఉంటే అది ద్రోహం. తెలియకపోతే అది రాజుగా అతని అసమర్థత. ఈ రెండింటిలో ఏది నిజమైనా యుద్ధం తప్పని స్థితి ఏర్పడింది. కొమ్మరాజు పుత్రశోకంతో ప్రతీకారం కోరాడు. బ్రహ్మనాయుడు యుద్ధానికి సిద్ధమయ్యాడు.

బొంగరాలాట

బ్రహ్మనాయుడు, ఐతాంబల కుమారుడు బాలచంద్రుడు. కొడుకు యుద్ధంలో మరణిస్తాడనే భయంతో తల్లి అతనికి యుద్ధవార్త తెలియనీయలేదు. ఒకనాడు బాలచంద్రుడు తోటివారితో బొంగరాలాట ఆడుతుండగా బొంగరం ఎగిరి ఒక స్త్రీ కాలికి తగిలి గాయమయింది. ఆమె నొప్పితో అతనిని నిందిస్తూ, తండ్రి, బంధువులు కారంపూడిలో యుద్ధానికి సిద్ధంగా ఉండగా వీధిలో బొంగరాలాడటం వీరునికి తగదని ఎత్తిపొడిచింది. ఆ మాటలతో బాలచంద్రునికి విషయం తెలిసింది. తల్లి వద్ద, భార్య మాంచాల వద్ద సెలవు తీసుకొని అతడు యుద్ధభూమికి వెళ్ళాడు.

ఈ విధంగా పల్నాటి కథలో రెండు ఆటలు రెండు మలుపులకు కారణమయ్యాయి. కోడిపందెం మలిదేవుని రాజ్యం నుండి పంపింది. బొంగరాలాట బాలచంద్రుని రణరంగానికి పంపింది. మొదటి ఆట పెద్దలు రాజ్యం కోసం ఆడినది, రెండవది పిల్లలు వినోదం కోసం ఆడినది.

కారంపూడి యుద్ధము

ఇరు సైన్యాలు నాగులేరు ఒడ్డున గల కారంపూడి వద్ద తలపడ్డాయి. యుద్ధకాలాన్ని చరిత్రకారులు సాధారణంగా 1176-1182 మధ్య నిర్ణయిస్తారు. సంధికి మొగ్గుచూపుతున్న పెద్దల మాట వినక బాలచంద్రుడు యుద్ధానికి దిగాడు. అతడు నరసింగరాజును చంపి అలరాజు మరణానికి పగ తీర్చుకొని, తానుకూడా వీరమరణం పొందాడు. మలిదేవ సోదరులు, కన్నమదాసు మొదలైన యోధులతోపాటు ఇరుపక్షాలా అనేకులు మరణించారు. పల్నాటి వీరులు అరవైయారుగురు అని సంప్రదాయం లెక్కిస్తుంది.

యుద్ధం చివర నాయకురాలు ఓడిపోయింది. బ్రహ్మనాయుడు విజేత అయినా రాజ్యాన్ని తాను తీసుకోలేదు. అప్పటికి మలిదేవుని వంశంలో సింహాసనం ఎక్కదగినవారు మిగలలేదు. అతడు నలగామరాజునే తిరిగి సింహాసనంపై కూర్చోబెట్టి, విరక్తితో గుత్తికొండ బిలంలో ప్రవేశించాడని చెబుతారు. ఈ బిలం ప్రస్తుతం పల్నాడు జిల్లా పిడుగురాళ్ళ మండలంలో ఉన్నది.

కోడిపందెంలో రాజ్యం గెలిచి, యుద్ధంలో ఓడి, శత్రువు చేతిమీదుగా మళ్ళీ అదే రాజ్యం పొందిన రాజు నలగాముడు. కాని ఈసారి అల్లుడు లేడు, కుమార్తె లేదు, తమ్ములు లేరు, మంత్రులిద్దరూ లేరు. వీరగాథలు యుద్ధానంతరం అతని గురించి దాదాపుగా ఏమీ చెప్పవు. అతని మరణం గురించి ప్రత్యేకమైన గాథ లేదు.

చారిత్రకత

పల్నాటి యుద్ధం కల్పిత కథ కాదని, దానికి చారిత్రకమైన పునాది ఉన్నదని పండితుల అభిప్రాయం. అయితే మనకు లభించే వివరాలలో అధికభాగం వీరగాథలనుండి గ్రహించినవే. పల్నాటి అంతఃకలహంలో సామంతులు, పొరుగు రాజులు ఇరుపక్షాలా చేరారు. వెలనాటి చోడులు ఈ యుద్ధంతో బలహీనపడ్డారు. ఉత్తరాన బలపడుతున్న కాకతీయులకు తీరాంధ్రం వైపు మార్గం సుగమమైంది. గణపతిదేవుని కాలానికి (1199-1262) ఈ ప్రాంతమంతా కాకతీయ సామ్రాజ్యంలో భాగమైంది. నలగాముని కొలువులో పుట్టిన తగాదా ఒక చిన్న రాజ్యంతో ఆగక, తీరాంధ్రపు రాజకీయ చిత్రాన్ని మార్చడానికి తోడ్పడిందని చెప్పవచ్చును.

ఆటలలో నలగాముని కథ

కోడిపోరు ఉత్సవము

కారంపూడిలో ప్రతి సంవత్సరం కార్తీక అమావాస్య మొదలుకొని ఐదు రోజులపాటు పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క పేరు. కథలోని ఘట్టాలనే ఈ రోజులలో ఆచారంగా జరుపుతారు. వీరులగుడిలో వీరుల ఆయుధాలకు పూజలు చేస్తారు. వీటిని కొణతాలు అంటారు. పలు ప్రాంతాలనుండి వీరాచారవంతులు తమ కొణతాలతో వచ్చి నాగులేరులో వాటికి స్నానం చేయిస్తారు. ఉత్సవ నిర్వహణ వీరాచార పీఠం ఆధ్వర్యంలో జరుగుతుంది. కథను గానం చేసేవారిని వీరవిద్యావంతులు అంటారు. వీరు మాల కులస్థులు.

నాలుగవ రోజైన కోడిపోరునాడు నాయకురాలు, బ్రహ్మనాయుల పక్షాన పుంజుల పోరును ఆచారంగా జరుపుతారు. ఇక్కడ కోడిపోరు వినోదం కాదు, యుద్ధానికి కారణమైన తప్పిదాన్ని ఏటేటా గుర్తుచేసుకొనే క్రతువు. దాని మరునాడే కళ్ళిపాడు, అనగా యుద్ధంలో వీరులు పడిపోవటం. ఈ వరుస పందేనికి, మరణానికి మధ్య దూరం ఎంత తక్కువో ప్రేక్షకులకు చూపుతుంది.

కోడిపందేల సంప్రదాయము

కోడిపందెం నలగాముని కాలంలో పుట్టిన ఆట కాదు. దండి సంస్కృతంలో రచించిన దశకుమారచరితంలో కోడిపందెపు వర్ణన ఉన్నది. ఈ కావ్యాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. ప్రాచీన గ్రీసు దేశంలో కూడా ఈ ఆట ఉండేది. పర్షియనులపై విజయం తరువాత ఏథెన్సులో ఏటా కోడిపోరు జరిపే నియమం ఏర్పడిందని ఏలియన్ అనే రచయిత వ్రాశాడు. అక్కడ పుంజుల పోరు సైనికులకు ధైర్యపాఠంగా, పల్నాటిలో రాజ్యానికి హెచ్చరికగా నిలవటం గమనార్హం.

ఓరుగల్లు నగరాన్ని వర్ణించే క్రీడాభిరామం అనే వీథీనాటకంలో కోడిపందెం, పొట్టేళ్ళ పోరు ఉన్నవి. అదే గ్రంథంలో పల్నాటి వీరుల కథను వీధిలో గానం చేసే సన్నివేశం కూడా ఉన్నది. యుద్ధం జరిగిన రెండు మూడు శతాబ్దాలలోనే ఆ కథ, ఆ ఆట రెండూ నగరవీధులలో ఒకే ప్రేక్షకులను ఆకర్షించేవని దీనివల్ల తెలుస్తున్నది. సురవరం ప్రతాపరెడ్డి తన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఈ వినోదాలను గురించి చర్చించాడు.

కోస్తా జిల్లాలలో, ముఖ్యంగా గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో సంక్రాంతికి కోడిపందేలు జరుగుతాయి. పుంజులను ఈకల రంగునుబట్టి డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, కౌజు మొదలైన పేర్లతో పిలుస్తారు. శివంగిడేగ అనే పేరులోని డేగ ఈ విభజనకు చెందినదే. ఏ రోజున, ఏ దిక్కున, ఏ రంగు పుంజును వదలాలో తెలిపే కుక్కుటశాస్త్రం అనే శాస్త్రం ప్రచారంలో ఉన్నది. పుంజు కాలికి కత్తి కట్టి వదిలే పందేలలో పోరు కొద్ది నిముషాలలో ముగుస్తుంది. కత్తి కట్టని పందెం ఎక్కువసేపు సాగుతుంది. పందెగాళ్ళు తమ ఆటకు ప్రాచీనత చూపటానికి పల్నాటి కథను ఉదాహరిస్తారు. ఆటను వ్యతిరేకించేవారు దానివల్ల కలిగే నాశనాన్ని చూపటానికి అదే కథను ఉదాహరిస్తారు.

జంతువులను పోరుకు ఉసిగొల్పటం జంతుహింస నివారణ చట్టం (1960) ప్రకారం నేరం. పందేలు కాయటం ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం (1974) పరిధిలోకి వస్తుంది. 2016 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు కోడిపందేలను అరికట్టవలసినదిగా అధికారులను ఆదేశించింది. అయినప్పటికీ సంక్రాంతి పందేలు పూర్తిగా ఆగలేదు. సంప్రదాయం అనే మాటకు, చట్టానికి మధ్య ప్రతి సంవత్సరం వాదన జరుగుతూనే ఉన్నది.

బొంగరాలు

బాలచంద్రుని బొంగరాలాట వీరగాథలోని అతి ప్రసిద్ధమైన ఘట్టాలలో ఒకటి. తాడు చుట్టి విసిరి, గీసిన గిరిలోని ఎదుటివారి బొంగరాన్ని కొట్టే ఈ ఆట ఇటీవలి కాలం వరకు తెలుగు గ్రామాలలో పిల్లలందరూ ఆడినదే. దీనిలో రాజ్యం పోదు, ప్రాణం పోదు, ఓడినవాని బొంగరానికి సొట్టలు పడతాయి. ఆటను ఆటగా ఉంచటం అంటే ఏమిటో తెలియజేయటానికి కోడిపందెం పక్కన ఈ ఘట్టాన్ని పెట్టి చూడవచ్చును.

సాహిత్యము, సినిమా

నలగాముని కథకు ప్రధాన ఆధారం పల్నాటి వీరచరిత్ర అనే ద్విపద కావ్యం. ఇది శ్రీనాథుని రచనగా ప్రసిద్ధి. బాలచంద్ర యుద్ధ భాగం ఇందులో ముఖ్యమైనది. దీనిని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో ప్రకటించాడు. వీరవిద్యావంతులు పాడే మౌఖిక కథను అమెరికా పరిశోధకుడు జీన్ రోగైర్ సేకరించి ఆంగ్లంలోకి అనువదించాడు. ఆ గ్రంథం 1982లో వెలువడింది. తంగిరాల వెంకట సుబ్బారావు తెలుగు వీరగాథలపై విశేష పరిశోధన చేశాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ నాయకురాలు అనే నాటకం వ్రాశాడు.

పల్నాటి యుద్ధం పేరుతో రెండు తెలుగు సినిమాలు వచ్చినవి. 1947 నాటి సినిమాకు గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం ప్రారంభించగా, అతని మరణానంతరం ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశాడు. ఇందులో గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయునిగా, కన్నాంబ నాగమ్మగా, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రునిగా నటించారు. 1966 నాటి సినిమాలో నందమూరి తారక రామారావు బ్రహ్మనాయునిగా, భానుమతి నాగమ్మగా నటించారు. 2003లో వచ్చిన పల్నాటి బ్రహ్మనాయుడు సినిమా కథ వేరైనా పేరు ఇక్కడిదే. పై రచనల, సినిమాల పేర్లలో యుద్ధం, వీరులు, మంత్రి, నాయకురాలు ఉన్నారు గాని రాజు పేరు లేకపోవటం గమనించవచ్చును.

వ్యక్తిత్వముపై అభిప్రాయాలు

వీరగాథలు నలగామరాజును క్రూరునిగా చిత్రించలేదు. అతడు వీరుడు కాడని కూడా అనలేదు. అతని లోపమంతా నిర్ణయం ఇతరులకు వదలటంలో ఉన్నది. మంత్రిపదవిని ఏడు ఘడియల వరానికి వదిలాడు. తమ్ముల భాగాన్ని కోడిపుంజుకు వదిలాడు. రాయబారి ప్రాణాన్ని తన పక్షంవారి దయకు వదిలాడు. పందెం గెలిచినప్పుడు ఆట నియమం ధర్మమన్నవారే, గడువు ముగిసి రాజ్యం తిరిగి ఇవ్వవలసి వచ్చినప్పుడు ఆ నియమాన్ని పక్కన పెట్టారు. ఆటలో గెలుపోటములకంటె మాట నిలుపుకోవటం ముఖ్యమన్న నీతిని పల్నాటి ప్రజలు ఈ కథనుండి గ్రహించారు.

మరొక దృష్టితో చూస్తే, నలగాముడు తల్లి ద్వారా తనకు సంక్రమించిన రాజ్యం చీలకుండా ఉండాలని కోరుకోవటంలో అసహజం ఏమీ లేదు. మంత్రులు రాజులకంటె బలవంతులైన కాలంలో అతడు రాజుగా ఉన్నాడు. యుద్ధంలో గెలిచినవాడే అతనికి సింహాసనం తిరిగి అప్పగించటం గమనిస్తే, అతనిని సింహాసనానికి అనర్హునిగా బ్రహ్మనాయుడు కూడా భావించలేదని తెలుస్తుంది.

చూడదగిన ప్రదేశాలు

నలగామరాజు కథతో సంబంధమున్న ప్రదేశాలలో ఎక్కువభాగం ప్రస్తుత పల్నాడు జిల్లాలో ఉన్నవి. నరసరావుపేట కేంద్రంగా ఈ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉండేది.

గురజాల - నలగామరాజు రాజధాని.
మాచర్ల - మలిదేవరాజు రాజధాని. చెన్నకేశవాలయం, వీరభద్రాలయం ఉన్నవి.
కారంపూడి - యుద్ధభూమి. వీరులగుడి, అంకాళమ్మ ఆలయం, నాగులేరు ఉన్నవి.
చర్లగుడిపాడు - అలరాజు మరణించిన చోటు.
జిట్టగామాలపాడు - నాయకురాలు నాగమ్మ గ్రామం.
గుత్తికొండ బిలం - బ్రహ్మనాయుడు చివరకు చేరిన గుహ.

గురజాలనుండి, మాచర్లనుండి కారంపూడికి బస్సు సౌకర్యం కలదు. ఉత్సవాలు చూడదలచినవారు కార్తీక అమావాస్య నాటికి కారంపూడి చేరుకుంటే రాచగావునుండి కళ్ళిపాడు వరకు ఐదు రోజుల కార్యక్రమం వరుసగా చూడవచ్చును.